లాంచి ఇంజను కారు

నిన్న మా మనవడు నన్ను బలవంతాన తాడేపల్లిగూడెంలో తన కారు బాగుచేయిస్తున్న షెడ్డుకు తీసుకుపోయాడు. వాడికి పాత కార్ల పిచ్చి. ఎవరి పెరట్లోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న కారొకటి కొన్నాడు. ఇప్పుడు దానికి దాని తాహతుకు మించిన ఇంజను వేయిస్తున్నాడు. "నాయనమ్మా, పాతదానికి రెండింతల బలం!" అని వాడు చంకలు గుద్దుకుంటుంటే, ఈ పిచ్చి ఎవరి రక్తంలోంచి వచ్చిందో తెలిసినదాన్ని గనక నోరు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాను. కొత్త ఇంజను గోనెపట్టా మీద పెట్టి ఉంది. దాని చక్రం మీద సుద్దముక్కతో గీసిన బాణం గుర్తు. అది చూసి స్టూలు మీంచి లేచాను. "ఇది ఎవరు గీశారయ్యా?" అని మెకానిక్కును అడిగాను. ముప్పై ఏళ్ళుంటాయేమో అతనికి. "నేనేనండి మామ్మగారూ. బాణం గీయందే మేం స్పానరు పట్టమండి. మా గురువుగారి దగ్గర అలవాటండి. ఆయనకు ఏలూరులో వాళ్ళ గురువుగారు నేర్పారంటండి" అన్నాడు. ఎందుకని అడిగితే, "అది తెలీదండి, గీయకపోతే మాత్రం తిట్టేవారండి" అని నవ్వాడు. ఎందుకో నాకు తెలుసు. పనిలో ఉన్న కుర్రాళ్ళకు ముసలిదాని సొద దేనికని అక్కడ ఊరుకున్నాను గానీ, కడుపులో మాట ఆగదు కదా, మీకు చెప్పేస్తాను.

ఇది పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నేను ఏలూరు కాపురానికి వచ్చి మూడేళ్ళయింది. మా మావగారికి ఒక బియ్యం మిల్లూ, ఒక కారూ ఉండేవి. మిల్లు తిండి పెట్టేది, కారు పరువు పెట్టేది. ఆ కారు ఎవరో దొర సీమకు పోతూ అమ్ముకున్నది. ఇత్తడి దీపాలు, మడిచి వెనక్కి వేసే గుడ్డ టాపు, పట్టెమంచమంత వెనక సీటు. నేను వచ్చేనాటికే దాని ఇంజనుకు ఉబ్బసం పట్టుకుంది. కాలవ వంతెన ఎక్కాలంటే మావగారు తప్ప మిగిలిన వాళ్ళందరం దిగి తోయాలి. ఆయన మాత్రం లోపల నిటారుగా కూర్చుని, వెనకాల మేం తోస్తున్న సంగతి తనకు తెలియనట్టే అటూ ఇటూ నమస్కారాలు అందుకునేవారు. పట్టుచీర కట్టుకుని పెళ్ళికని బయలుదేరి, చేతులకు నల్ల జిడ్డుతో పందిట్లో దిగేదాన్ని నేను. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకనాడు సరిగ్గా వంతెన నడినెత్తిన ఆ ఇంజను ప్రాణం వదిలేసింది. ఎద్దుల్ని కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మావగారు మూడు రోజులు వీధరుగు మీదికి రాలేదు.

అప్పుడు మా ఆయన పంతం పట్టారు. "దీనికి ఎంత బలమైన ఇంజను వేయిస్తానంటే నాన్నగారూ, వంతెన ఎక్కిన సంగతి కూడా మీకు తెలీదు" అన్నారు. అనడానికి ఈయనా, చేయడానికి మా మిల్లు ఇంజను చూసే సాయిబుగారూ. సాయిబుగారికి అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మిల్లులో ఎక్కడ ఏ చప్పుడు తేడా వచ్చినా వీధి మొగలోంచే పట్టేసేవారు. ఇంజన్ల గురించి మాట్లాడేటప్పుడు ఇంట్లో మనుషుల్ని గురించి చెప్పినట్టే, దీనికి కోపం వచ్చిందనీ దానికి దాహమవుతోందనీ చెప్పేవారు. వాళ్ళిద్దరూ కలిసి వెతగ్గా వెతగ్గా, కొల్లేటి ఒడ్డున మా ఆడపడుచును ఇచ్చిన ఊళ్ళో ఒక కంట్రాక్టరుగారి లాంచి మూలపడి ఉందని తెలిసింది. దానికి రెండు ఇంజన్లు. ఒకటి పగిలిపోయింది, రెండోది నిక్షేపంలా ఉంది. దాన్ని కొనేశారు. ఏనుగు గుండె తెచ్చి మేకకు పెట్టడమేమిట్రా అని మావగారు గొణుక్కున్నారు గానీ వద్దనలేదు.

ఎండాకాలం, కాలవలు కట్టేసిన రోజులు. నీళ్ళుంటే ఇంజనును పడవ మీద ఏలూరు తెచ్చేవారు. నీళ్ళు లేవు గనక, ఇంజను కారు దగ్గరికి రాలేక కారే ఇంజను దగ్గరికి పోయింది. మళ్ళీ ఎద్దుల వెనకే, పది మైళ్ళు, కాలవ గట్టు మీదే. ఒక పక్క ఎండిన కాలవ, ఒక పక్క కోసేసిన వరిచేలు, మధ్యన బండి ఒకటి పట్టే దారి. లాంచిరేవు దగ్గర కొల్లేటి వైపు ముక్కు, ఏలూరు వైపు తోక పెట్టుకుని ఆగింది కారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

మూడు తాటి మొద్దుల్ని పైన కలిపి కట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి, పాత ఇంజను పైకి లాగి, లాంచి ఇంజను దించడానికి పదకొండు రోజులు పట్టింది. నేను ఆడపడుచు ఇంట్లో దిగి, పూటపూటకీ క్యారియరు పట్టుకుని రేవుకు వెళ్ళేదాన్ని. మిల్లువాళ్ళ కోడల్ని కదా, ఇంజన్ల సంగతి నాకూ కాస్త తెలుసు. ఒకరోజు సాయిబుగారు ఇంజను హ్యాండిలు తిప్పి చూస్తుంటే, "ఏవండీ సాయిబుగారూ, మన పాత ఇంజను హ్యాండిలు ఇటు కదా తిప్పేది, దీన్ని అటు తిప్పుతున్నారేంటండీ?" అని అడిగాను. ఆయన నవ్వారు. "ఎటు తిరిగితే ఏముందమ్మా, తిరగటం ముఖ్యం గానీ" అన్నారు. అది మిల్లు మనిషి మాట. మిల్లులో ఇంజను ఎటు తిరిగినా చిక్కులేదు. కావలసింది రెండో వైపు తిరుగుడైతే, బెల్టు తీసి ఒక మెలిక పెట్టి మళ్ళీ వేస్తారు, అంతే. ముప్పై ఏళ్ళు బెల్టులకు మెలికలు వేసిన మనిషికి, కారుకు బెల్టు లేదన్న సంగతి తట్టలేదు. నాకూ తట్టలేదు. మా ఆయనకైతే అసలేదీ తట్టదు.

పన్నెండో రోజు పొద్దున్న పది గంటలకు పరీక్ష. ఊరు ఊరంతా వచ్చేసింది. చేపలు పట్టేవాళ్ళు వలలు వదిలేసి వచ్చారు. అందరికీ ఒకటే భయం, ఇంత బలం గల ఇంజను ఒక్క దూకున కారును తీసుకుపోయి కొల్లేట్లో పడేస్తుందేమోనని. అందుకని సాయిబుగారు ముందు చక్రాలకు అడ్డంగా పెద్ద మొద్దు వేయించారు. "ముందర ఎవరూ ఉండకండి. అమ్మా, అయ్యా, అందరూ వెనక్కి రండి, వెనక్కి" అని జనాన్నంతా తానే కేకలేసి కారు వెనక్కి తోలారు. నేనూ క్యారియరుతో వెనకే నిలబడ్డాను, లాంచి కట్టే తాటి గుంజ పక్కన. ఇంజను పలికింది. ఆహా, ఏం చప్పుడండీ అది! నేల అదిరింది. మా ఆయన నన్ను చూసి ఒక నవ్వు నవ్వారు, మీసం మీద చెయ్యి వేశారు, హార్నయినా కొట్టకుండా మొదటి గేరు వేసి క్లచ్చి వదిలేశారు.

కారు వెనక్కి దూకింది. జనం కకావికలయ్యారు. నేను కదల్లేదు. కారు తోక నా మీదికి వచ్చేస్తోంది. సాయిబుగారి చెయ్యి నా భుజం మీద పడింది. ఆ తోపుకు ఎగిరి చేలోకి పడ్డాను. లేచి చూసేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. వెనక చక్రానికీ తాటి గుంజకూ మధ్యన సాయిబుగారి కుడికాలు ఉంది. ఆయన అరవలేదు. కారు వంక ఆశ్చర్యంగా చూస్తూ, "అటు తిరుగుతోందండీ బాబూ, అటు తిరుగుతోంది" అన్నారు.

కారును ముందుకు తోసి ఆయన్ని బయటికి తీశారు. మోకాలి కింద నేను చూడలేకపోయాను. నెత్తురు ఆగట్లేదు. చేపలవాళ్ళ పెద్దాయన ఒకాయన వలతాడు తెచ్చి మోకాలి పైన కట్టి, చిన్న పుల్ల దూర్చి మెలితిప్పాడు. కారడం తగ్గింది గానీ, "ఇది ఎంతోసేపు ఉంచకూడదు బాబూ. మధ్య మధ్యన కొంచెం సడలించి మళ్ళా బిగించాల. పెద్దాసుపత్రికి పోవాల" అన్నాడు. ఏలూరు పది మైళ్ళు. ఎడ్లబండి అయితే సాయంత్రమవుతుంది. సాయంత్రం దాకా ఈ మనిషి ఉండడని ఎవరూ అనలేదు, అందరి మొహాల్లోనూ రాసి ఉంది. మా ఆయన కారు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. "నేనే చంపేశానే, నేనే చంపేశాను" అంటున్నారు. నాకు దుఃఖమూ వచ్చింది, కోపమూ వచ్చింది. "ఆయన బతికే ఉన్నారు. తర్వాత ఏడుద్దురు గాని, ముందు దీన్ని ఎలా నడపాలో చూడండి" అని అరిచాను. నలుగురిలో మా ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు.

మాట చెప్పింది సాయిబుగారే. నేల మీద పడుకుని, మొహం సున్నంలా పాలిపోయి, "ఈ ఇంజను ఎదురు తిరుగుతోంది గనక గేర్లన్నీ తిరగబడ్డాయండి. ముందుకు పోయేది ఒక్క రివర్సు గేరే. అది నడకంత నిదానం. వెనక్కి మూడు గేర్లున్నాయి బాబూ. తోక ఏలూరు వైపే ఉంది. అలాగే పోనివ్వండి" అన్నారు. మేమందరం కారు వంక చూశాం. నిజమే, తిప్పే పని కూడా లేదు. ఇంతకు ముందు ఎవడూ పది మైళ్ళు వెనక్కి కారు నడపలేదన్నదొక్కటే చిక్కు. వెనక టాపు మడత అడ్డం, సీటులో పడుకోబెట్టిన మనిషి అడ్డం, మెడ తిప్పినా మా ఆయనకు దారి కనిపించదు. అప్పుడు చేపల పెద్దాయన చక్రాల వంక చూసి, "ఇది దోనె లెక్కేనండి. చుక్కాని ఎనకుండిపోయింది. దోనె నడిపేవోడు ముందు చూడడు బాబూ, ముందున్నోడు చెప్తాడు, ఎనకున్నోడు తిప్పుతాడు. నేను తాడు పట్టుకోవాల. అమ్మగారు చెప్తారు" అన్నాడు. నన్ను చూసి, "కుడీ ఎడమా అనొద్దమ్మా, ఎనక్కి పోయేటప్పుడు అయి తిరగబడతాయి. కాలవ అంటే కాలవేపు, చేను అంటే చేనేపు" అని నేర్పాడు.

వెనక సీటులో ఒక చివర సాయిబుగారి తల, కింద కూర్చుని తాడు పట్టుకున్న పెద్దాయన, మిగిలిన కాస్త చోట్లో మోకాళ్ళ మీద నేను, ఏలూరు వైపు మొహం పెట్టుకుని. మావగారి ఎదుట గొంతు వినపడకూడని కోడల్ని నేను. ఆ రోజు పది మైళ్ళూ కేకలేశాను. "చేను, చేను, ఇంకా చేను, చాలు! కాలవ! కాలవండీ, కాలవ!" మొదట్లో కారు తాగినవాడిలా తూలింది. చిన్న మెలికకు పెద్దగా తిరిగేది. ఒక చక్రం గట్టు అంచు దాకా పోయి మట్టి రాల్చుకుంటూ వెనక్కి వచ్చేది. అరమైలు పోయేసరికి మా ఆయన చేతులకు నా గొంతు అలవాటైంది. రెండో గేరు వేశారు. గట్టు మీద ఆరేసిన వలల్ని నా కేకలు విని ఆడవాళ్ళు ఇటూ అటూ లాగేశారు. గడ్డిబండి ఒకటి ఎదురైతే, బండి మీది గడ్డి కిందపడిపోతున్నా చూసుకోకుండా బండివాడు ఎడ్లను చేలోకి దింపేశాడు. పాపం, వెనక్కి పరిగెత్తుకొచ్చే కారును వాడెప్పుడు చూశాడు గనక.

నేను చూపు దారి మీంచి తీయడానికి లేదు. తీస్తే నలుగురం కాలవలో ఉంటాం. కింద మనిషి ఎలా ఉన్నాడో చూడకుండా తెలుసుకోవడం ఎలా? "సాయిబుగారూ, ఇంజను ఎలా ఉందండీ?" అని అడిగాను. "నాలుగు సిలిండర్లూ పలుకుతున్నాయమ్మా" అన్నారు. బతికారు అనుకున్నాను. కాసేపాగి మళ్ళీ అడిగాను. "రెండోది కొంచెం తడబడుతోందండి. దాహం వేస్తోంది దానికి" అన్నారు. పుట్టినప్పటి నుంచీ కొల్లేటి నీళ్ళు తాగుతూ బతికిన ఇంజను మరి, గుప్పెడు నీళ్ళు పట్టే రేడియేటరు దానికేం సరిపోతుంది. మూతలోంచి ఆవిరి లేచింది. ఆపి, కాలవ అడుగున మడుగులో మిగిలిన నీళ్ళు నా క్యారియరు గిన్నెలతో తెచ్చి పోశాం. పప్పు గిన్నె కడగలేదు కూడా. పెద్దాయన ఆ సందులో తాడు సడలించి మళ్ళీ బిగించాడు. నేను అటు చూడకుండా దారినే చూస్తూ నిలబడ్డాను.

ఆరో మైలు దగ్గర గండి ఉంది. చేలకు నీళ్ళు వదిలే కోత. దాని మీద రెండు తాటి మొద్దులు, బండి చక్రాలకు సరిపోయేటట్టు పరిచినవి. వెళ్ళేటప్పుడు ఎద్దులు నిదానంగా దాటించాయి. ఇప్పుడు వెనక చక్రాలు ముందెక్కాలి. మా ఆయన కారాపి, "నాకు కనపడటం లేదే" అన్నారు. ఆ గొంతు అంతకు ముందూ తర్వాతా నేనెప్పుడూ వినలేదు. "నాకు కనపడుతోంది కదండీ. నేను చెప్పినట్టు తిప్పండి" అన్నాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. వెళ్ళే ముందు ఒకసారి అడిగాను. "సాయిబుగారూ, ఇంజను ఎలా ఉందండీ?" జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు. కిందకి చూడాలని నా మెడ నరాలు లాగేస్తున్నాయి. చూడలేదు. "పోనివ్వండి. చేను. జానెడు చేను. చాలు. తిన్నగా. తిన్నగానే ఉంచండి. కాలవ, బెత్తెడు కాలవ." మొద్దులు కిర్రుమన్నాయి. కింద ఖాళీ. వెనక చక్రాలు దిగాయి, ముందు చక్రాలు ఎక్కాయి, అవీ దిగాయి. అప్పుడు కింద నుంచి సన్నగా, గొంతు కాదది, ఊపిరి, "ఇప్పుడు బాగుందండి" అని వినిపించింది. పది మైళ్ళలో నేను ఏడ్చింది అక్కడొక్కచోటే. ఏడుస్తూనే "కాలవ" అన్నాను.

ఏలూరులోకి తోక ముందు పెట్టుకుని ప్రవేశించాం. బజారంతా నవ్వింది, నా కేకలకు ఇంకా నవ్వింది, పెద్దాసుపత్రి ముందు ఆగి మనిషిని దించేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. డాక్టరుగారు చూసి, మోకాలి కింద తీసేయాలన్నారు, ప్రాణానికి మాత్రం భయం లేదన్నారు. "ఇంకో గంట ఆలస్యమైతే ఈ రెండో మాట చెప్పలేకపోయేవాణ్ణి" అన్నారు. మర్నాడు తెలివి వచ్చాక సాయిబుగారి మంచం దగ్గర మాకు తప్పులు పంచుకోవడంలో తగువు వచ్చింది. తిరుగుడు చూడకపోవడం తనదన్నారు సాయిబుగారు. హార్ను కొట్టకపోవడం తనదన్నారు మా ఆయన. కళ్ళప్పగించి నిలబడ్డం నాదన్నాను నేను. ఆ ఇంజను సరైన వైపే తిరిగేదైతే ఆయన కాలు పోయేది కాదు. కాలు నలిగాక, అది తప్పు వైపు తిరిగేది గనకే ఆయన దక్కారు. దీన్ని ఎటు నుంచి తలచుకోవాలో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ లాంచికి రెండు ఇంజన్లూ ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగేవట, పడవ తిన్నగా పోవడానికి. మాకు దక్కింది ఎదురుది. ఇంజను తీసేద్దామన్నారు మా ఆయన. సాయిబుగారు ఒప్పుకోలేదు. "బెల్టుకు మెలిక వేయలేకపోతే ఇరుసుకు వేద్దామండి. వెనక ఇరుసు ఊడదీసి బోర్లించి బిగించండి, అన్నీ వాటంతటవే తిరగబడతాయి" అని ఆసుపత్రి మంచం మీద నుంచే మిల్లువాళ్ళ చేత చేయించారు. నిజంగానే తిరగబడ్డాయి. ఆయన్ని ఇంటికి తీసుకుపోయే రోజున మా మావగారు కారు తెప్పించి, ఎన్నడూ ఎవరికీ ఇవ్వని తన చోట్లో సాయిబుగారిని కూర్చోబెట్టారు. తాను ఎక్కలేదు. వంతెన దగ్గర కారు వెనక చెయ్యి ఆనించి నడుస్తున్నారు. ఇంజను గుర్రంలా ఎక్కేస్తోంది. "తోయక్కర్లేదు నాన్నగారూ" అన్నారు మా ఆయన. "తెలుసురా. నా చెయ్యి అలా ఉండనీ" అన్నారాయన. వంతెన దిగేదాకా ఆ చెయ్యి తీయలేదు.

సాయిబుగారు కర్రకాలుతో ఇంకా ఇరవై ఏళ్ళు పనిచేశారు. ఎంతోమందికి పని నేర్పారు. ఇంజను ఏదైనా, ముందు దాన్ని ఒకసారి తిప్పి చూసి, అది తిరిగే వైపుకు సుద్దతో బాణం గీస్తే గాని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కారణం అడిగితే తిట్టేవారు. ఆయన పోయారు, మావగారు పోయారు, మా ఆయన పోయి పదకొండేళ్ళు. ఇప్పటికీ బస్సు మలుపు తిరుగుతుంటే నా నోట "కాలవ" అని వచ్చేస్తుంది, పక్కవాళ్ళు కిటికీలోంచి చూస్తారు, అక్కడ కాలవ ఉండదు. నిన్న షెడ్డులోంచి వచ్చేముందు ఆ కుర్రాణ్ణి సుద్దముక్క అడిగి, బాణం చెరిగిపోయిన చోట మళ్ళీ దిద్దాను. మనవడు విడ్డూరంగా చూశాడు. యంత్రాలకు గీసుకోవాలి గానీ, కాలానికి ఎవరూ బాణం గీయక్కర్లేదు. దాని వెనక సీటులో మోకాళ్ళ మీద ఇంత దూరం వచ్చినదాన్ని, అది ఎటు పోతోందో నాకు కనపడుతూనే ఉంది.